ట్రేసింగ్ గుడ్డ మీద గీత

పంపుల గురించి పుస్తకం ఉంది. బాయిలర్ల గురించి మూడు ఉన్నాయి. గేర్ల గురించి ఉన్నదానికి అట్ట ఊడిపోయింది, కానీ పుటలన్నీ ఉన్నాయి. ఎనిమిదేళ్ల పైన పని మానేసిన మనిషి మళ్లీ పెన్ను పట్టి వంకర లేని ఒక గీత గీయడం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం మా ఊరి గ్రంథాలయంలో లేదు. ఊరికే అనడం లేదు. ఇంజనీరింగు బీరువాలో ఉన్నవన్నీ, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, తీసి చూశాను. లేదు కనుక నేను రాస్తున్నాను. నాలా ఇంటి దగ్గర ఉండిపోయి మళ్లీ బయల్దేరే ఆడవాళ్లకి, మగవాళ్లకైనా సరే, ఎక్కడ తప్పు జరుగుతుందో తెలిస్తే చాలు.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఐటిఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. మిగతా చదువంతా గ్రంథాలయంలోదే. ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నాను, ఒక చేత్తో నిఘంటువు, ఇంకో చేత్తో ఆవిరి యంత్రాల పుస్తకం పట్టుకుని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. డెబ్బయ్యో దశకం మొదట్లో రేవు దగ్గర ఓడలు మరమ్మతు చేసే ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు, ఇంజనీర్లు కూడా ఏదైనా సందేహం వస్తే నన్ను అడిగేవారు. నాకు తెలిసి కాదు, ఏ పుస్తకంలో ఉందో తెలిసి.

ఆ రోజుల్లో పెన్సిలు బొమ్మ మీద నీలంరంగు ట్రేసింగ్ గుడ్డ పరిచి సిరాతో గీసేవాళ్లం. పేరుకి గుడ్డే గానీ గంజి దట్టంగా పట్టించి కాగితంలా బిర్రుగా ఉంటుంది. ఒక వైపు నున్నన, ఒక వైపు గరుకు. గరుకు వైపు కాస్త సుద్దపొడి రాసి గీయాలి. రద్దయిన బొమ్మల్ని ఆఫీసులో ఎవరూ పారేసేవారు కాదు. ఇంటికి తీసుకెళ్లి వేడినీళ్లలో నానబెట్టి ఉతికితే గంజంతా పోయి, సన్నటి మెత్తటి నూలు గుడ్డ మిగిలేది. మగవాళ్లు చేతిరుమాళ్లు కుట్టించుకునేవారు. నేను మా పాపకి జుబ్బా కుట్టాను.

పురిటిబిడ్డకి కొత్తబట్ట కట్టకూడదు, పాతగుడ్డే కట్టాలని మా అత్త పట్టుబట్టింది. నాకు బావ వరసైన మనిషినే చేసుకున్నాను కాబట్టి నేను పుట్టినప్పటి నుంచీ ఆవిడ నాకు అత్తే. సబ్బవరం దగ్గర పల్లెలో పొలం చూసుకునేది. పాత చీర ముక్క తెచ్చింది. నేను అప్పటికే జుబ్బా కుట్టి ఉంచాను. అత్త దాన్ని వెలుగులో పెట్టి చూసింది. ఎంత ఉతికినా సిరా జాడ పూర్తిగా పోలేదు. వీపు మీద ఓడ పంపు తాలూకు గుండ్రటి అంచు, దాని చుట్టూ ఎనిమిది బోల్టు రంధ్రాలు లీలగా కనిపిస్తున్నాయి.

"ఇదేటే? గుంట ఈపు మీద సక్రం గీసినావు?"

"పంపు అత్తా. ఓడలోది. రద్దయిపోనాది."

"రద్దయిపోయిందైతే పాతదే. కట్టీ," అంది.

పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఎవరూ మానమనలేదు. బావ రేవులో క్రేను నడిపేవాడు, షిఫ్టులు. పాపని చూసుకునేవాళ్లు లేరు. రెండేళ్లలో వెళ్దాం అనుకున్నాను. తర్వాత బడిలో వేశాక అనుకున్నాను. పాపకి ఆరేళ్లప్పుడు వానాకాలంలో జ్వరం వచ్చింది. మెదడువాపు అన్నారు. నాలుగో రోజుకి అయిపోయింది.

దాని గురించి ఇంతకన్నా రాయను. రాయలేక కాదు. రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. చుట్టాలు వచ్చి ఏడ్చారు. నేను వాళ్లకి మంచినీళ్లు అందించాను. అత్త పల్లె నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. వన్ టౌన్‌లో మా సందులో లారీలు సరుకు దించుతుంటే ఇల్లంతా అదిరేది. ఆ అదురు ఒంటికి తెలిసేది, అంతే. రెండేళ్లు అలా గడిచాయి. గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. చదివేదాన్ని. చదివింది గుర్తుండేది కూడా. అది తప్ప ఇంకేం లేదు.

ఒక ఉదయం అత్త నడుము పట్టేసిందని నన్ను ముగ్గు వెయ్యమంది. పాప పోయాక నేను ముగ్గు ముట్టుకోలేదు. పిండి తీసుకుని వాకిట్లో ఒక బారు గీత లాగాను. అది వణికింది. మధ్యలో ఒక వంపు తిరిగి పక్కకి పోయింది. ఇంకోటి లాగాను. అదీ అంతే. స్కేలు లేకుండా మూరెడు గీత గీస్తే ఆఫీసులో పందేలు కాసేవాళ్లు, నా గీత మీద. రెండేళ్లలో మొదటిసారి నాకేదో అయింది. దుఃఖం అనను. నోట్లో పన్ను కదిలినట్టు అనిపించింది.

ఆ నెలలోనే బావ ఒక కాగితం తెచ్చాడు. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. గాజువాక అవతలంతా ఎర్రమట్టి, కాంట్రాక్టర్ల షెడ్లు. అందులో ఒక కాంట్రాక్టరుకి మెకానికల్ డ్రాఫ్ట్స్‌మన్ కావాలి. రెండు నెలల్లో పరీక్ష. ముప్పై అయిదేళ్లు దాటినవాళ్లు అక్కర్లేదు. నాకు ముప్పై అయిదు నిండటానికి ఇంకా నాలుగు నెలలు ఉంది.

"రాత్తావేటి?" అన్నాడు బావ.

"సెయ్యి వణుకుతోంది బావా."

"వణకనీ. నా క్రేనూ వణుకుతాది, దించాల్సిన కాడ దించుతాది కదా."

నేను నవ్వలేదు గానీ దరఖాస్తు రాశాను. ఉద్యోగం కన్నా నాకు ఆ చెయ్యి కావాలి. అది తప్ప నాలో మిగతాదేదీ తిరిగొచ్చేలా కనిపించలేదు.

బల్ల లేదు. నా పాత డ్రాయింగు బోర్డు మీద అత్త అప్పడాలు ఎండబెట్టీ ఎండబెట్టీ అది గొడుగులా వంగిపోయింది. చేపలరేవులో పడవలు కట్టే వడ్రంగి దగ్గరికి వెళ్లాను.

"సేపలైతే అటేపమ్మా," అన్నాడు తలెత్తకుండా.

"బల్ల కావాలి. సదునుగా ఉండాలి."

"రొట్టెలకా?"

"బొమ్మలు గీయడానికి. యంత్రాల బొమ్మలు."

అప్పుడు తలెత్తాడు. "బొమ్మ గీసి ఏటి సేత్తావు? ఇదిగో, ఇంత పడవ కడతన్నాను. బొమ్మేదీ? ఇక్కడుంది," అని చెవి పైన గుచ్చుకున్న పెన్సిలుతో నుదురు తట్టుకున్నాడు. "మా నాన్నకీ అక్కడే ఉండేది. నీకు అక్కడ సాల్లేదేటి, కాయితం కావాల్సొచ్చింది?"

అయినా ఒక చెక్క ఏరి, చిత్రిక పట్టి ఇచ్చాడు. నేను నా సెట్ స్క్వేర్ అంచు దాని మీద నిలబెట్టి కింద నుంచి వెలుగు దూరుతుందేమోనని వంగి చూశాను. వడ్రంగి పక్కనున్న కూలీలని పిలిచాడు. "ఒరే, రండ్రా. నాను కంటితో సూసింది ఈయమ్మ పిలాస్టిక్ ముక్కతో సూత్తంది!" వాళ్లు నవ్వారు. వెలుగు ఎక్కడా దూరలేదు. ఆ మాటే చెప్పాను. "మరేటనుకున్నావు?" అన్నాడు.

రోజూ మధ్యాహ్నం బావ షిఫ్టుకి వెళ్లాక, అత్త పడుకున్నాక, ఆ బల్ల ముందు కూర్చునేదాన్ని. మొదటి పదిహేను రోజులూ గీతలే. నిలువు, అడ్డం, నలభై అయిదు డిగ్రీలు. పాత న్యూస్‌పేపర్ల అంచుల మీద గీశాను. తర్వాత గ్రంథాలయం నుంచి మెషీన్ డ్రాయింగు పుస్తకం తెచ్చుకున్నాను. రేవులో పనిచేసి రిటైరైన ఎవరో ఇంజనీరు దానం చేసిన ఇంగ్లీషు పుస్తకం, కొలతలన్నీ అంగుళాల్లో. ఆ బీరువాలో ఈ విషయం మీద అదొక్కటే ఉంది.

ఇక్కడే నా తప్పు మొదలైంది. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఒక వస్తువుని ఎదురుగా చూసి ఒక బొమ్మ, పై నుంచి చూసి ఒక బొమ్మ, పక్క నుంచి చూసి ఒక బొమ్మ గీస్తాం. పై నుంచి చూసిన బొమ్మని ఎక్కడ పెట్టాలి? ఎదుటి బొమ్మకి పైన పెట్టడం ఒక పద్ధతి. కింద పెట్టడం ఇంకో పద్ధతి. రెండూ సరైనవే, కానీ ఒక ఆఫీసులో ఒకటే ఉండాలి. కలిపేస్తే కుడి ఎడమవుతుంది, చెయ్యాల్సిన రంధ్రం అటుపక్క పడుతుంది. నేను ఐటిఐలో నేర్చుకున్నదీ, ఓడల ఆఫీసులో గీసిందీ పైన పెట్టే పద్ధతి. ఈ పుస్తకంలో ప్రతి బొమ్మా కింద పెట్టి ఉంది.

పాతకాలపు పుస్తకం, ఇప్పుడిలా ఎవరు గీస్తారు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ప్రతి బొమ్మనీ మార్చి నా పద్ధతిలో గీస్తూ, పుస్తకం అంచులో పెన్సిలుతో 'స్థానం తప్పు' అని రాస్తూ పోయాను. నా తర్వాత చదివేవాళ్లకి ఉపకారం చేస్తున్నాననుకున్నాను. గ్రంథాలయ పుస్తకం మీద రాసేవాళ్లంటే నాకు మొదటి నుంచీ అసహ్యం. అలాంటిదాన్ని, ముప్పై ఏడు పుటల మీద రాశాను.

పెన్సిలు కుదిరింది. సిరా మిగిలింది. పరీక్షలో సిరాతో ట్రేసింగ్ చెయ్యాలని కాగితంలో ఉంది. వన్ టౌన్‌లో ఇంతకుముందు ట్రేసింగ్ గుడ్డ అమ్మే స్టేషనరీ షాపుకి వెళ్లాను.

"గుడ్డా? ఎప్పుడో మానీసినామమ్మా. ఇప్పుడంతా ఫిల్మే, పిలాస్టిక్ షీటు. అదీ కంపెనీలే పై ఊళ్ల నుంచి తెప్పించుకుంతన్నాయి," అన్నాడు షాపతను.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. జుబ్బా అడుగున ఉంది. కత్తెరతో కుట్లు విప్పాను. గుడ్డ జానెడున్నర వచ్చింది. గంజి కాచి, చిక్కగా పట్టించి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాను. బల్ల మీద పిన్నులతో బిగించాను. ఇదంతా చేస్తున్నంతసేపూ నేను ఆలోచించింది ఒకటే, గంజి చాలా ఎక్కువైందా తక్కువైందా అని. ఈ మాట రాయకుండా ఉండొచ్చు. కానీ జరిగింది అదే.

రూలింగ్ పెన్ను రెండు రేకుల మధ్య సిరా చుక్క వేసి గీత లాగాను. ఇంటి గంజి మిల్లు గంజిలా పనిచెయ్యదు. గీత రెండు పక్కలా వేళ్లు తన్నినట్టు పాకింది. ఇంకోటి. అదీ పాకింది. మూడోది గుడ్డ మధ్యలో, పాత పంపు జాడ మీదుగా, ఆరంగుళాలు నిలిచింది. వంకర లేదు. పాకలేదు.

బావ ఆ రోజు పెందలాడే వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు.

"ఇదేటే?"

"షాపులో నేదన్నారు బావా."

"నానడిగింది అది కాదు."

ఆయన పిన్నులు ఒక్కోటీ తీశాడు. గుడ్డ పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాడు. సబ్బు పెట్టి రుద్దాడు. గంజి పోయింది. ఆ సిరా నీళ్లకి పోదు. నేను చెప్పాను. ఆయన ఇంకా రుద్దాడు. అత్త లేచి వచ్చి చూసింది, కొడుకునీ, గుడ్డనీ, నన్నూ.

"ఒగ్గీరా. సిరుగుతాది," అంది.

ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని, నీళ్లు పిండి, తీగ మీద ఆరేసింది. మర్నాడు మామూలే.

పరీక్ష రోజు పొద్దున్నే అత్త నా ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు తెరిచి అందులో ఆ గుడ్డ మడిచి పెట్టింది.

"ఎందుకత్తా?"

"పెన్ను తుడుసుకోవా? సీరకి తుడుసుకుంతావేటి?"

"ఇది..."

"ఎవులికి దాసుతావే? సిరా ఎలగూ అయిపోనాది. తీసుకెల్లు."

తీసుకెళ్లాను.

కాంట్రాక్టరు ఆఫీసు రేకుల షెడ్డు. పదకొండు మందిమి. నేను తప్ప అందరూ కుర్రాళ్లే. బల్లకి ఒకటి చొప్పున పోత ఇనుము బ్రాకెట్ పెట్టారు. కొలిచి, మూడు బొమ్మలు పెన్సిలుతో గీసి, ఫిల్మ్ మీద సిరాతో ట్రేస్ చెయ్యాలి. మూడు గంటలు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పెద్దాయన, కళ్లద్దాలు ముక్కు చివర, బల్లల మధ్య తిరుగుతున్నాడు.

"మేడమ్, పరీక్ష మీకా, మీ అబ్బాయికా?" అన్నాడు పక్కబల్ల కుర్రాడు.

"నాకే. నీ పెన్సిలు మొద్దుబారింది, చూసుకో," అన్నాను. వాడు చూసుకున్నాడు.

చెయ్యి వణకలేదు. ఫిల్మ్ మీద పెన్ను జారుతుంది, గుడ్డలా పట్టుకోదు. అయినా రెండు గీతల్లో అలవాటైంది. రెండు గంటలయ్యేసరికి ఎదుటి బొమ్మా, దాని పైన పై బొమ్మా సిరాలో అయిపోయాయి. పెన్ను తుడవడానికి గుడ్డ తీసి, మెడ పట్టేస్తే తలెత్తాను. ఎదుటి గోడ మీద టైపు చేసిన కాగితం అంటించి ఉంది. ఈ కర్మాగారం డ్రాయింగులు రష్యా నుంచి వస్తున్నాయి కనుక, ఈ ఆఫీసులో గీసే ప్రతి బొమ్మలోనూ పై నుంచి చూసిన బొమ్మ కిందే ఉండాలి. అదీ అందులో ఉన్నది.

కిరాణా పొట్లం కాగితం కూడా విప్పి చదివే మనిషిని నేను. గోడ మీద ఉన్నది రెండు గంటలు చదవలేదు. పుస్తకం చెప్పింది. ముప్పై ఏడుసార్లు చెప్పింది. నేను తప్పని రాశాను.

మళ్లీ గీయడానికి టైము లేదు. గుడ్డ మీద తప్పయితే సగం బ్లేడుతో గీకేవాళ్లం, ఫిల్మ్‌ని గీకితే దాని గరుకుదనం పోయి మళ్లీ సిరా పట్టదు. మూడో బొమ్మని ఒక్కదాన్నే అవతలి పక్కకి మారిస్తే రెండు పద్ధతులూ కలిసి బొమ్మ అబద్ధమవుతుంది. అందుకని మొదలెట్టిన పద్ధతిలోనే పూర్తిచేశాను. అప్పుడు కింద కుడి మూలలో, కొస తెగిన గరాటు లాంటి చిన్న గుర్తు వేశాను. ఇది పైన పెట్టే పద్ధతి, అలాగే చదవండి అని చెప్పే గుర్తు అది. దాని పక్కన రెండు సున్నాలు, ఒకదాంట్లో ఒకటి. ఆ గుర్తుంటే బొమ్మ చూసి చేసేవాడు మోసపోడు.

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ నా షీటు చాలాసేపు చూశాడు.

"గోడ మీద కాయితం సదవలేదామ్మా?"

"చదవలేదు సార్. రెండు గంటలయ్యాక చూశాను."

"అప్పుడీ గుర్తేసినావు."

"అవును సార్."

"గీతలు బాగున్నాయి. ఈ షెడ్డులో ఇలాంటి గీత నా తర్వాత ఎవుడూ గీయలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కానీ గోడ మీదున్నది సూడకుండా గీసేవోళ్లకి నాను డ్రాఫ్ట్స్‌మన్ పని ఇయ్యను. నువ్వు అటు గీత్తే, అక్కడ ఫిట్టరు ఇటు కోత్తాడు. ట్రేసరుగా వత్తావా? ఒకరు గీసింది గీసినట్టు దించాలి. సొంత బుర్ర వాడకూడదు."

ట్రేసరంటే ఆ ఆఫీసులో అన్నింటికన్నా కింది మెట్టు. పదేళ్ల కిందట నా దగ్గరే ఇద్దరు ట్రేసర్లు ఉండేవారు. వస్తానన్నాను. అవమానంగా అనిపించాలి. అనిపించలేదు. సంతోషంగానూ లేదు. బస్సులో కూర్చుని కుడిచేతి వైపు చూసుకుంటూ వచ్చాను. వేళ్లకి సిరా అయింది.

పుస్తకం తిరిగిచ్చే ముందు గ్రంథాలయంలోనే కూర్చుని రబ్బరుతో ముప్పై ఏడు చోట్లా చెరిపాను. లైబ్రేరియన్ వచ్చి వెనక నిలబడింది.

"ఈ రాతలు రాసిన మహానుభావుడెవరో దొరికాడా?" అంది.

"నేనేనండీ."

ఆవిడ రబ్బరు పొడి వైపు చూసి, "చెరిపాక ఊదకండి, పక్కవాళ్ల పేపర్ల మీద పడుతుంది," అని వెళ్లిపోయింది. ఏడాదిన్నర తర్వాత ఆఫీసులో నన్ను డ్రాఫ్ట్స్‌మన్‌ని చేశారు. ఇప్పుడు పరీక్షకి వచ్చేవాళ్లకి బ్రాకెట్ ఇచ్చే ముందు నేనే గోడ వైపు వేలు చూపించి, చదివారా అని అడుగుతాను. పెద్దాయనకి అది నచ్చదు. చదివించి పరీక్ష పెడితే అది పరీక్షేటి అంటాడు.

పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి. వీళ్లలో ఎవరికీ పేరు బయటపడటం ఇష్టం లేదు కనుక మనుషుల్నే చెబుతాను. ముప్పై ఏడు తప్పులూ తెలిసి, నా కార్డు రద్దు చెయ్యని లైబ్రేరియన్ గారికి. పుస్తకం దానం చేసిన, నేనెన్నడూ చూడని ఇంజనీరు గారికి, క్షమాపణతో సహా. చేపలరేవు వడ్రంగికి, ఆయన బల్ల ఇంకా వంగలేదు. నన్ను కింది మెట్టు మీద నిలబెట్టిన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారికి. పెన్సిలు చెక్కుకున్న పక్కబల్ల కుర్రాడికి, అతనికి ఆ రోజు ఉద్యోగం రాలేదు. కుళాయి దగ్గర కూర్చున్న బావకి. మా అత్తకి. ఆ గుడ్డ ఆఫీసులో నా డ్రాయరులో ఉంది. రోజూ పెన్ను దానికే తుడుస్తాను. మూడో గీత మాత్రం కనిపించేలా మడుస్తాను.